నేను షెడ్డుకి వెళ్ళని రోజు

ఏప్రిల్ 9

బోటు రెండు రోజుల ముందే తిరిగొచ్చింది. వల చిరిగిందట. రాయికి తగిలిందన్నారు. మా ఆయన ఇన్నేళ్ళుగా సరంగుగా బోటు నడుపుతున్నారు, ఆయన వల రాయికి తగలడం నేనెప్పుడూ వినలేదు. అందుకే ముఖం అలా ఉందనుకున్నాను.

స్నానానికి రెండు బకెట్లు పెట్టమన్నారు. తర్వాత ఇంకో రెండు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూనే ఉన్నారు.

"ఏం పట్టుకొచ్చారేంటి, దెయ్యాన్నా?" అన్నాను. నవ్వలేదు.

అన్నం తింటూ, కంచంలోకే చూస్తూ అన్నారు. "రేపు షెడ్డుకి వెళ్ళకు."

"ఎందుకు?"

"నీకు దగ్గుగా ఉంది. కాస్త ఒళ్ళు చూసుకో."

పొద్దున ఒకసారి దగ్గానేమో. అప్పుడాయన సముద్రంలో ఉన్నారు, ఎలా తెలిసిందో. అయినా ఒళ్ళు చూసుకోమని ఆయన నాతో అనడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. చెల్లి పక్క గదిలోంచి తల బయటపెట్టి, "బావా, నాక్కూడా తలనొప్పి, నన్నూ కాస్త ఒళ్ళు చూసుకోమను" అంది. దానికీ నవ్వలేదు.

ఏప్రిల్ 10

ఎండ నడినెత్తికి వచ్చేదాకా పడుకున్నాను. మహారాణిలా ఉంది నా బతుకు.

నా బదులు చెల్లి వెళ్ళింది. బట్టల కొట్టులో ఇవాళ దానికి సెలవు. "నువ్వు రాకపోతే మేస్త్రి సణుగుతాడు. నీ పీట మీద నేను కూర్చుంటాలే" అని పొద్దున్నే బయల్దేరింది. అప్పటికే ఆయన బోటు యజమాని దగ్గరికి వెళ్ళిపోయారు. చిరిగిన వలలు బాగుచేసే ఆ షెడ్డులో నా పీట ఎప్పుడూ వల సంచి దగ్గరే. చేపలన్నీ చేరే చోటు అది, ముడులు దగ్గరగా ఉంటాయి, అందరికీ చేతకాదు. చెల్లికి నేనే నేర్పాను.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది. "మీ షెడ్డులో ఎవరో వెల్లుల్లి దంచుతున్నారే అక్కా. మధ్యాహ్నం రేకులు కాలుతుంటే ఆ వాసనకి తల దిమ్మెక్కింది. ఎవరని పెద్దక్కని అడిగితే, నీ నోరేమో చూసుకోమంది." పెద్దక్క అంటే షెడ్డులో అందరికంటే పాత మనిషి, నోరూ అందరికంటే పెద్దది.

వల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. పావడా మీద మైనం మరకలాంటివి ఉన్నాయి. గీకితే జిగురుగా వచ్చాయంది.

ఆయన వచ్చి చెల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎక్కడికెళ్ళావు?"

"అక్క పీట మీదకి, బావా."

గోడకి ఆనుకున్నారు. తర్వాత, "స్నానం చెయ్యి. బాగా రుద్దుకో" అన్నారు.

"ఈ ఇంట్లో అందరికీ శుభ్రం పిచ్చి పట్టింది" అంటూ అది దొడ్లోకి వెళ్ళింది. ఆయన అన్నం తినలేదు. అలసిపోయారు పాపం.

ఏప్రిల్ 11

తెల్లవారేసరికి చెల్లి కళ్ళు తెరవలేకపోయింది. "అక్కా, కళ్ళలో ఇసుక పోశావా ఏంటి" అంది. రెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయి. మెడ, చంకలు ఎర్రగా కందిపోయాయి. పది గంటలకల్లా తొడల మీద, ముంజేతుల మీద బొబ్బలు లేచాయి. చిన్నవి ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవయ్యాయి. పసుపు రంగు నీళ్ళతో నిండి, నడిస్తే కదులుతున్నాయి.

ఆసుపత్రిలో పెద్దక్క ముందే ఉంది. షెడ్డులో పనిచేసే మిగతా ముగ్గురూ ఉన్నారు. అందరికీ కళ్ళే. చెల్లికి మాత్రం అన్నీ.

అందరూ నన్నే చూశారు. నాకు దగ్గుగా ఉందని ఆయన ఉండమన్నారు. అదే చెప్పాను.

ఏప్రిల్ 12

చెల్లి గొంతు పోయింది. గుసగుసగా వస్తోంది.

ఏప్రిల్ 13

కుడిచేతి మూడు వేళ్ళకి బొబ్బలు. పెన్ను నిలవడం లేదు. చెల్లి పావడా ఉతికినందుకు.

ఉతుకుతుంటే ఆయన చూశారు. చెయ్యి పట్టి అవతలికి లాగేశారు. ఆ తడి బట్టలన్నీ కర్రతో ఎత్తి గోతంలో వేసి, ఊరి బయటికి తీసుకెళ్ళి పడేసి వచ్చారు. ముట్టుకోలేదు. ఆడవాళ్ళ బట్టలు ముట్టుకోవడం మగవాళ్ళకి నామోషీ.

ఏప్రిల్ 15

ఎడమచేత్తో రాస్తున్నాను. నాకే చదవరాకుండా ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మొన్న అయిదుగురినీ విడివిడిగా అడిగింది. ఏం తిన్నారు, ఏం తాకారు, షెడ్డులో ఏం చల్లారు. ఆయన నా పక్కనే నిలబడి, "ఎలకల మందో, పురుగుల మందో చల్లుంటారండి. మేస్త్రినడగండి" అన్నారు. మేస్త్రి లబోదిబోమన్నాడు. మొన్నటి నుంచీ అతనితో ఎవరూ మాట్లాడటం లేదు. నిన్న ఎవరో అతనింటి కిటికీ మీద రాయి వేశారు.

ఒక నర్సు చెల్లి దగ్గరికి రావడానికి భయపడింది. డాక్టరమ్మ తనే కూర్చుని బొబ్బలు కోసి కట్టు కట్టింది. "ఈ నీళ్ళలో ఏమీ లేదు, అంటుకోదు. అంటుకునేది ఏదో అది తన పని చేసుకుని వెళ్ళిపోయింది" అంది.

చెల్లి కళ్ళకి గంతలు. నేను పక్కన కూర్చుని విసురుతున్నాను. చాలాసేపటికి, గొంతు పెగలదీసుకుని అంది.

"అక్కా."

"ఊ."

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నావు కదా. ఒక్కసారీ దగ్గలేదేం?"

తగ్గిందన్నాను. తగ్గింది. దగ్గు తగ్గదా ఏం.

ఏప్రిల్ 17

బక్కోడిని చూశాను. మగవాళ్ళ వార్డులో, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మా బోటులో కళాసీ వాడు, ఆయన వెంట అయిదేళ్ళుగా సముద్రానికి పోతున్నాడు. ఇంజను మీద పడి కాలిందని ఆయన చెప్పారు. వేరే ఊళ్ళో చూపిస్తున్నారనీ చెప్పారు. ఆ చిన్న ఆసుపత్రి వాళ్ళ వల్ల కాక ఇక్కడికి పంపారట.

వాడి చేతులకీ అవే బొబ్బలు. ఇంజను మీద పడితే చంకల్లో ఎలా కాలుతుంది?

డాక్టరమ్మ కూడా అదే అనుకుందేమో. వాడి దగ్గర గంటసేపు కూర్చుంది. వాడేమీ చెప్పలేదు. వెల్లుల్లి వాసన వచ్చిందా అని మాత్రం అడిగితే, ఏడ్చాడట.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది. సైన్యం ఆసుపత్రిలో పనిచేసిన తన గురువుగారికి ఫోన్ చేసి వచ్చింది. మామూలు మాటల్లో చెప్పింది. గుర్తున్నది రాసుకుంటున్నాను.

ఇది జబ్బు కాదట. మొదటి పెద్ద యుద్ధంలో వాడిన విషం. పేరుకి గ్యాసు, నిజానికి నూనెలాంటిది. కొన్నిసార్లు వెల్లుల్లి వాసన, కొన్నిసార్లు ఆవాల వాసన. కందకాల్లో దాక్కున్న సైనికుల మీద గుండ్లలో నింపి వేశారట. తగిలినప్పుడు నొప్పి ఉండదు. అందుకే వాళ్ళు ఆ పూట భోజనాలు చేసి, అవే బట్టల్లో పడుకున్నారు. కొన్ని గంటలకి కళ్ళు మూసుకుపోయాయి. ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా ఆసుపత్రికి నడిచారు.

"చంపడానికేనా?" అన్నాను.

"చనిపోయేవాళ్ళు తక్కువే. ఒక్కడు పడితే ఇద్దరు మోయాలి. నెలల తరబడి మంచం, మందులు, మనుషులు. శత్రువుకి చచ్చినవాడి కంటే ఇలాంటివాడే బరువు. ఆ లెక్క వేసే తయారు చేశారమ్మా."

యుద్ధం అయ్యాక దేశాలన్నీ కూర్చుని, ఇది వాడకూడదని ఒప్పందం రాసుకున్నాయట. తయారు చేయకూడదని మాత్రం రాసుకోలేదు. రెండో యుద్ధం వచ్చేసరికి గోదాములు నిండిపోయాయి. తమ సైనికుల్నే గదుల్లో పెట్టి తలుపులేసి చూశారు. కొత్త బట్టలు పరీక్షిస్తున్నామని వాళ్ళకి చెప్పారట. ఆ యుద్ధమూ ముగిశాక, మిగిలిన గుండ్లు ఎక్కడ పెట్టాలో తోచక ఓడలకెత్తి సముద్రాల్లో పారబోశారు.

"ఇనుము తుప్పు పట్టిపోతుంది. లోపలిది చావదు. అడుగున చలికి మైనంముద్దలా గడ్డకట్టి పడుంటుంది. వేడి తగిలితే మళ్ళీ లేస్తుంది."

రేకుల షెడ్డు, ఏప్రిల్ ఎండ.

విరుగుడు ఏమిటని అడిగాను. లేదంది. వందేళ్ళయినా లేదట. తగిలిన నిమిషాల్లో కడుక్కోవాలి, అంతే. ఆ తర్వాత బొబ్బలకి బొబ్బల మందు, కళ్ళకి కళ్ళ మందు. "నాకు భయం ఇప్పటి గాయాల గురించి కాదు. ఇది ఎముకల్లో మూలుగని ఎండగడుతుంది. తెల్లకణాలు పడిపోతాయి. అది చూసే, దీని చుట్టంలాంటి ఇంకో విషాన్ని తెచ్చి మొదటి కాన్సర్ మందు చేశారు. ఆ చివరి వార్డులో ఇప్పటికీ దాని సంతతినే ఎక్కిస్తున్నాం."

చివరి వార్డు వైపు చూశాను. గుండు చేసినట్టున్న ఒకావిడ మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. బతకనీ.

"మీ ఆయన సరంగు కదా," అంది డాక్టరమ్మ. "ఆయన్ని అడగండి. నేనడిగితే చెప్పడం లేదు."

ఏప్రిల్ 18

అడిగాను.

మొదట రాయి అన్నారు. బక్కోడి చేతులు చూశానన్నాను. అప్పుడు మంచం మీద కూర్చుని చెప్పారు. మ్యాపులో ఎర్ర గీత గీసిన చోటు ఉంది, అక్కడ వల వేయకూడదు. ఎవరూ వేయరు కాబట్టి అక్కడ చేప దండిగా ఉంటుంది. వేశారు. వల పైకి లాగితే చేపలతో పాటు పసుపు రంగు ముద్ద వచ్చింది, తలకాయంత. బక్కోడు చేతుల్తో ఎత్తి సముద్రంలోకి విసిరాడు. ఆయన దాని గురించి విన్నారు. పాత సరంగులు చెప్పారట. చేపలన్నీ పారబోశారు. వలని పైపుతో కడిగారు.

"కడిగింది షెడ్డుకి ఎందుకు పంపారు?"

"పంపకపోతే వల ఏదని యజమాని అడుగుతాడు. గీత దాటానని తెలిస్తే లైసెన్సు పోతుంది. మళ్ళీ బోటు ఎక్కనివ్వరు. కడిగాంగా, పోయుంటుందిలే అనుకున్నాను."

"పోయుంటుందనుకుంటే నన్నెందుకు ఆపారు?"

మంచం మీద దుప్పటి సర్దుతున్నారు.

"అక్కడ అయిదుగురు కూర్చుంటాం. మిగతా నలుగురూ ఏమైపోతారనుకున్నావు?"

ఆయన్ని 'నువ్వు' అన్నాను. పన్నెండేళ్ళలో ఎప్పుడూ అనలేదు. అతను పట్టించుకోలేదు.

"వాళ్ళ గురించి అనుకోలేదు. నీ గురించే అనుకున్నాను. నిన్ను కాపాడుకున్నానా లేదా?"

నిజంగానే అడుగుతున్నాడు. నేను సంతోషిస్తానేమోనని నా ముఖం వెతుకుతున్నాడు.

"దాన్ని గుమ్మంలో చూశావు. అప్పుడైనా చెప్పలేదు."

"అప్పటికే రోజంతా అయిపోయింది కదా. చెప్పి ఏం లాభం?"

ఏప్రిల్ 19

డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఎవరికో ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి షెడ్డుకి తాళం, బోటుకి కాపలా. ముసుగులు వేసుకున్నవాళ్ళు వచ్చి వలని డబ్బాలో పెట్టి తీసుకెళ్ళారు. రేవు మొత్తం మూసేశారు. ఏ బోటూ కదలడానికి లేదు, ఏ చేపా అమ్మడానికి లేదు.

ఇంటింటికీ కూలి పోయినా మా వీధిలో ఎవరూ నా మొగుణ్ణేమీ అనలేదు. నన్నంటున్నారు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేదంటున్నారు.

ఏప్రిల్ 21

చెల్లికి కాస్త నయం. తొడల మీద నల్లగా పక్కు కట్టింది. ఒక కన్ను తెరిచింది. వెలుతురు పడక వెంటనే మూసుకుంది, కానీ నన్ను చూసింది.

"నీ ముఖం ఏంటే అలా తయారైంది" అంది గుసగుసగా. "జబ్బు నాకా నీకా?"

అమ్మ ఊళ్ళోంచి వచ్చింది. మంచం పక్కనే ఉంటోంది. అంతా డాక్టరమ్మే అమ్మకి చెప్పింది. నాకు చెప్పడానికి మిగల్లేదు.

పెద్దక్కని ఇంటికి పంపేశారు. కళ్ళ మసక తగ్గుతుందట, ఎన్నేళ్ళకో మళ్ళీ రావచ్చట. ఊపిరితిత్తులు కూడా బతికున్నంత కాలం చూపించుకుంటూ ఉండాలట. "ఇన్నేళ్ళూ కూలి కోసం ఈ షెడ్డుకి తిరిగాను, ఇక దీనికోసం ఆసుపత్రికి తిరగాలా" అంది. నా వంక చూడకుండానే అంది.

ఏప్రిల్ 22

చెల్లికి తెల్లకణాలు పడిపోయాయి.

ఏప్రిల్ 23

జ్వరం. చెల్లిని అద్దాల గదిలో పెట్టారు. ఒకరినే రానిస్తారు. అమ్మ వెళ్ళింది. దగ్గితే చర్మంలాంటి ముక్కలు వస్తున్నాయట. అమ్మ చేతిగుడ్డ మడిచి నాకు చూపించకుండా సంచిలో పెట్టుకుంది.

మొన్న కన్ను తెరిచింది కదా. నయమవుతూ కూడా ఒక్కోసారి జ్వరం వస్తుంది.

ఏప్రిల్ 25

చెల్లి పోయింది.

మే 6

విచారణ. మత్స్యశాఖ ఆఫీసులో పొడుగాటి గది, పొడుగాటి బల్ల. అయిదుగురు అధికారులు, తాగడానికి నీళ్ళ సీసాలు. ఒకాయన ఆ ఎర్ర గీత ఎప్పుడు గీశారో, ఆనాడు ఎన్ని ఓడల సరుకు దింపారో చదివాడు. పారబోసిన వాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరట. అక్కడ ఏముందో మ్యాపులో రాయలేదు కదా అని మరొకాయన అడిగాడు. జనం కంగారు పడతారని రాయలేదన్నాడు మొదటాయన. అందరూ తలూపారు.

తర్వాత నా మొగుణ్ణి పిలిచారు. తెల్ల చొక్కా, నేను ఇస్త్రీ చేసిందే. గీత దాటింది ఒప్పుకున్నాడు. గాలికి కొట్టుకుపోయామన్నాడు. తర్వాత అన్నాడు.

"ఆ రాత్రే నా భార్యకి చెప్పానండి. వల మీద విషం ఉంది, ముట్టుకోవద్దని. షెడ్డులో వాళ్ళకి చెప్పి వల పక్కన పెట్టించమని కూడా చెప్పాను. తను ఇంట్లో ఉండిపోయి, చెల్లెల్ని పంపింది."

"ఎందుకలా చేస్తుంది?" అన్నాడు అధికారి.

"అక్కాచెల్లెళ్ళకి ఈమధ్య పడటం లేదండి. అంతకంటే నన్నడక్కండి."

అతని గొంతు వణికింది. నాకే నిజమేమో అనిపించేటంత బాగా వణికింది.

లేచి, అబద్ధం అన్నాను. కూర్చోమన్నారు. నా వంతు వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ప్రశ్నే అడిగారు. "ఆ రోజు మీరు పనికి వెళ్ళలేదు. అవునా, కాదా?"

అవునన్నాను.

అమ్మ వెనక వరసలో కూర్చుని ఉంది.

మే 7

అమ్మ దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే కూర్చున్నాం.

"నాకు తెలీదమ్మా."

"నీ మాట నమ్మితే ఒక కూతురైనా మిగులుతుంది నాకు," అంది. "నమ్మాలనే ఉంది."

"మరి?"

"పగలు నమ్ముతున్నాను. నిద్ర లేచేసరికి వాడి మాటే చెవిలో ఉంటోంది. నువ్వు ఇంట్లో పడుకున్నావు కదే."

మే 15

తీర్పులాంటిదేదో వచ్చింది. ప్రమాదమట. గీత దాటినందుకు అతనికి ఒక సీజను సముద్రం లేదు. షెడ్డు కడిగి సున్నం వేశారు, ఇక మీదట చేతి తొడుగులు ఇస్తారట. మేస్త్రి ఊరు విడిచి పోయాడు.

నేను షెడ్డు వెనక గదిలోకి మారాను. ఇంటికి వెళ్ళను. అతను ఒకసారి వచ్చి, "కోపం తగ్గాక రా" అన్నాడు. నేను కోపంలో ఉన్నాననుకుంటున్నాడు.

జూన్ 2

బక్కోడు వచ్చాడు. అరచేతుల చర్మం గులాబీ రంగులో, కాగితంలా ఉంది. వేళ్ళు పూర్తిగా ముడవలేడు.

"వదినా, నీకు తెలీదని నాకు తెలుసు," అన్నాడు. "బోటు మీదే అన్న మాకందరికీ ఒట్టు పెట్టాడు. ఇళ్ళల్లో చెప్పొద్దని. నా ఇంటిదానికి అసలు తెలీకూడదు, దాని నోట్లో నువ్వుగింజ నానదు అన్నాడు."

"విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు."

"మా అమ్మతో చెప్పు. ఒక్క మాట. ఇప్పుడే వెళదాం పద."

చేతులు చూసుకున్నాడు.

"ఈ చేతులతో నన్ను ఇంకెవరు బోటు ఎక్కించుకుంటారు వదినా. సీజను పోయాక అన్నే తీసుకుంటానన్నాడు. వంట పనికి."

తలుపు తీసి పట్టుకున్నాను. వెళ్ళిపోయాడు.

జూన్ 11

అమ్మ పిలిపించింది. చెల్లి బట్టలు సర్దుతోంది. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. చాలాసేపు బట్టలు మడతపెట్టింది. నేనూ అందుకున్నాను. ఒక చీర చెరో కొస పట్టుకుని మడిచాం. ఇంకా నమ్ముతున్నావా అని నేనడగలేదు. తనూ చెప్పలేదు.

చివరి జాకెట్టు మడుస్తూ అంది. "ఆ పొద్దున దానికి ఏమైనా పెట్టి పంపావా?"

"పెట్టానమ్మా. కడుపునిండా తిని వెళ్ళింది."

"సరేలే," అంది. అమ్మ ముఖం కొంచెం సడలింది. ఏప్రిల్ తర్వాత అలా చూడటం ఇదే మొదలు.

పెట్టలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడింది. ఏం తిన్నదో, తిన్నదో లేదో. నేను లేవలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. వెళ్ళొస్తానే అక్కా అంది. ఊ అన్నాను.